మనిషి వద్దు, రైతుబీమా కావాలి: ధర్మాబాద్ నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకా, బాసరకు ఇవతలి ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. 2023లో మా కాక నాందేడ్ సభకు పోయి గులాబీ కండువా వేసుకొచ్చిండు. మా బాపుకు కేసీఆర్ పేరెత్తితేనే మంట. కాక ఆయన చెప్పినవన్నీ కావాలంటాడు, బాపు ఒక్కటీ వద్దంటాడు. నాకు ఆ నాయకుడి తీరు నచ్చదు గానీ రైతుబీమా లాంటివి మనకూ ఉంటే బాగుండనిపిస్తది. సగం ఒప్పుకొని సగం వద్దనడం ఎట్ల? ఏది ఒప్పుకోవచ్చు?"

మీ ఇంట్లో పంచాయితీ తెగకపోవడానికి 'తెలంగాణ మోడల్' అనే మాటే కారణం. అదొక మూట. కాక దాన్ని అట్లాగే ఎత్తుకుంటున్నారు, బాపు అట్లాగే పక్కకు తోస్తున్నారు. 2023 ఫిబ్రవరి 5న నాందేడ్‌లో, మార్చి 26న కంధార్ లోహాలో జరిగిన సభలతో ఆ మూట మీ దాకా వచ్చింది. విప్పితే అందులో ఉన్నవి ఇవి: ఎకరానికి ఏటా 10 వేల రూపాయల పెట్టుబడి సాయం, రైతు చనిపోతే 5 లక్షల బీమా, వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు, పండిన పంటంతా ప్రభుత్వమే కొనడం, పొలాలకు గోదావరి నీళ్లు, దళితబంధు. ఒక్కోదానికి నాలుగు సంగతులు విడిగా చూడాలి. ఏ కాగితం చూసి ఇస్తారు, ఎవరి చేతికి వస్తుంది, ఏ నెలలో వస్తుంది, ఎవరి జేబులోంచి పోతుంది. సభలో వినిపించేది మొత్తం ఎంత అన్నదొక్కటే. మిగతావన్నీ జీఆర్‌లో, అంటే ప్రభుత్వ ఉత్తర్వులో, దాని వెనకాల అతికించిన పేజీల్లో ఉంటాయి.

ఇంకో చిన్న మాట. 2023 డిసెంబరులో ఆయన పార్టీ తెలంగాణలో 119 సీట్లలో 39కి పడిపోయింది కాబట్టి పథకాలూ తప్పేనని బాపు అంటుంటే, ఆ వాదన నిలవదు. తర్వాత వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం రైతుబీమాను కొనసాగించింది. ఎకరం సాయానికి రైతుభరోసా అని పేరు మార్చి 12 వేలకు పెంచింది. ఓడించిన వాళ్లే ఉంచుకున్న పథకాన్ని, ఓడిన మనిషిని చూసి తీసిపారేయలేం. అదే లెక్కన, ఆయన పెట్టాడు కాబట్టి అది లోపం లేనిదని కాక అనడమూ కుదరదు.

ఎకరం సాయంతో మొదలుపెడదాం, ఎక్కువ పని ఉన్నది ఇక్కడే.

రైతుబంధు 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైంది. ఎకరానికి సీజనుకు 4 వేలు, ఏడాదికి 8 వేలు. 2019 నుంచి సీజనుకు 5 వేలు, ఏడాదికి 10 వేలు. మీ దగ్గర పీఎం కిసాన్ 6 వేలు, దాని మీద రాష్ట్రం ఇచ్చే నమో శేత్కరీ 6 వేలు కలిపి ఏడాదికి 12 వేలు వస్తుంది. ఇది ఎకరానికి కాదు, కుటుంబానికి. తెలంగాణ రైతుకూ పీఎం కిసాన్ 6 వేలు విడిగా వస్తుంది, దాన్ని చాలామంది లెక్కలో మరిచిపోతారు. ఇప్పుడు రెండు వైపులా కూడి చూడండి. రెండెకరాల కుటుంబానికి అవతల 20 వేలు, 6 వేలు, వెరసి 26 వేలు. ఇవతల 12 వేలు. పదెకరాల ఆసామికి అవతల లక్షా 6 వేలు, ఇవతల అదే 12 వేలు. ఇక 20 గుంటల కుటుంబాన్ని చూడండి. అవతల 5 వేలు, 6 వేలు, వెరసి 11 వేలు. ఇవతల 12 వేలు. అంటే 24 గుంటల కంటే తక్కువ భూమి ఉన్నవాళ్లకు మహారాష్ట్ర లెక్కే మేలు. తెలంగాణలో ఎకరానికి 12 వేలు అయ్యాక ఈ గీత 20 గుంటలకు దిగింది. మీ భూమి ఎంతో సాత్‌బారాలోనూ (సర్వే నంబరు పహాణీ), 8-అ ఖాతాలోనూ (ఒక్కో ఖాతాదారు మొత్తం భూమి పత్రం) చూసి ఈ లెక్క మీ ఇంటికి మీరే వేసుకోండి. కాకకు, బాపుకు పంపకాలయ్యి ఖాతాలు విడిపోయి ఉంటే ఇద్దరి జవాబూ ఒకటే కాకపోవచ్చు. వాళ్ల తగాదాలో సగం ఇదే అయినా ఆశ్చర్యం లేదు!

ఇందులో ఒప్పుకోదగ్గది రెండు ముక్కలు. ఒకటి, డబ్బు విత్తనాల ముందు రావడం. జూన్‌లో సోయా సంచి, డీఏపీ బస్తా కొనేటప్పుడు చేతిలో ఉన్న 5 వేలు, మార్చిలో వచ్చే 5 వేలు ఒకటి కావు. అప్పుడు లేకపోతే ఆ 5 వేలు అడత్యా (కమీషన్ వ్యాపారి) దగ్గర ఉద్దెరగా తేవాలి, తెచ్చాక పంట అతని కాంటాకే పోవాలి. మిరప అయినా సోయా అయినా ధర్మాబాద్ బజారులో ఉద్దెర తెచ్చినవాడికి ధర అడిగే నోరు ఉండదు. రెండోది, ఆ డబ్బును పాత బాకీ కింద బ్యాంకు పట్టుకోకూడదన్న షరతు. ఈ షరతు జీఆర్‌లో లేకపోతే మొత్తం ఎంతైనా దండగే, ఖాతాలో పడ్డ రోజే కోత పడుతుంది. అవతల కూడా కొన్ని చోట్ల బ్యాంకులు పట్టుకోవడం, ప్రభుత్వం వద్దని చెప్పడం జరిగింది.

ఒప్పుకోకూడనిది జాబితా. రైతుబంధుకు పైన హద్దు లేదు. ఐదెకరాలవాడికీ యాభై ఎకరాలవాడికీ ఎకరం లెక్కనే ఇచ్చారు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, సర్కారీ ఉద్యోగులు, హైదరాబాద్‌లో ఉండే భూస్వాములు అందరూ తీసుకున్నారు. పాస్‌బుక్ చూసి ఇచ్చేది కాబట్టి ప్లాట్లు వేసిన భూమికి, గుట్టకు కూడా పోయింది. 2025లో రైతుభరోసా పెట్టేటప్పుడు సాగుకు పనికిరాని భూముల్ని తీసేయాల్సి వచ్చింది అందుకే. పీఎం కిసాన్‌లో, దాని జాబితాను వాడుకునే నమోలో, ఆదాయపు పన్ను కట్టేవాళ్లూ, ప్రభుత్వ ఉద్యోగులూ, నెలకు 10 వేలు దాటి పింఛను తీసుకునేవాళ్లూ ఉండరు. అంటే ఎవరికి వద్దన్న విషయంలో మన దగ్గరి జాబితా మెరుగు, ఎంత, ఎప్పుడు అన్న విషయంలో అవతలిది మెరుగు. మన దగ్గరి జాబితాకూ ఒక లోపం ఉంది. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఎవరి పేరు మీద ఉందో వాళ్లకే. ఆ తర్వాత కొన్నవాళ్లకు రాదు, వారసత్వంగా వచ్చినవాళ్లకు మాత్రం మినహాయింపు. తండ్రి బతికుండగానే పంపకాలు చేసుకున్న అన్నదమ్ములు ఇక్కడ ఇరుక్కుంటారు.

కౌలుదారుకు రెండు చోట్లా మొండిచెయ్యే. ఇవతల మీరు బటాయి అనేది, అవతల కౌలు అనేది ఒకటే. నోటి మాటతో నడుస్తుంది. యజమాని రాసి ఇవ్వడు. ఎందుకివ్వడో తెలుసుకుంటే మంచిది. మరాఠ్వాడా, తెలంగాణ రెండూ నిజాం రాజ్యంలోవే కాబట్టి రెండు చోట్లా 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టమే నడిచింది. ఆ చట్టంలోని 38-ఇ కింద రక్షిత కౌలుదార్లు భూమికి హక్కుదారులయ్యారు. తాతల నాటి ఆ సంగతి యజమానుల ఇళ్లలో ఎవరూ మరవలేదు. అందుకే కాగితం మీద కౌలుదారు పేరు పడనివ్వరు. మన దగ్గర ఈ-పీక్ పాహణీలో పంట నమోదు 2021 నుంచి రైతే ఫోనులో చేస్తున్నాడు, కానీ అక్కడ ఎక్కేది ఖాతాదారు పేరే. కాబట్టి 'కౌలు రైతులకూ ఇస్తాం' అని ఏ నాయకుడు చెప్పినా, ఏ పార్టీవాడైనా, ఏ కాగితం చూసి ఇస్తారని అడగండి. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ కౌలు రైతులతో సహా ఎకరానికి 15 వేలు అంది. 2025 జనవరిలో మొదలైనప్పుడు అది 12 వేలయ్యింది, అదీ పట్టాదార్లకే. కాగితం సంగతి తేల్చకుండా ఇచ్చిన మాట ఎక్కడ ఆగుతుందో అక్కడే ఆగింది.

'మహారాష్ట్ర అంత పెద్దది, అంత డబ్బు ఎక్కడిది' అని బాపు అంటే లెక్క వేసి చూపండి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మహారాష్ట్రలో కమతాలు సుమారు 1.52 కోట్లు, సగటు కమతం 1.34 హెక్టార్లు. రెండూ గుణిస్తే 2 కోట్ల హెక్టార్ల పైన, అంటే సుమారు 5 కోట్ల ఎకరాలు. ఎకరానికి 10 వేలు చొప్పున 50 వేల కోట్లు. అదే నిజంగా దున్ని విత్తే భూమి లెక్క తీస్తే సుమారు 1.7 కోట్ల హెక్టార్లు, 42 వేల కోట్లు. ఆ రెండింటి మధ్య 8 వేల కోట్ల తేడా ఉంది చూశారా, కాగితం చూసి ఇవ్వడానికీ పంట చూసి ఇవ్వడానికీ తేడా అదే. ఇక ఆడవాళ్లకు నెలనెలా డబ్బు ఇచ్చే లాడ్కీ బహీణ్ పథకానికి 2024లో ప్రభుత్వం వేసిన అంచనా ఏడాదికి 46 వేల కోట్లు. కాబట్టి 'అసాధ్యం' అనే మాట చెల్లదు. రెండూ ఒకేసారి చేయగలరా అన్నది వేరే ప్రశ్న, నా అంచనాలో చేయలేరు. ఇప్పటికే ఒకదాని మీద ఇంకొకటి కోత పెడుతోంది. పీఎం కిసాన్, నమో శేత్కరీ తీసుకునే ఆడబిడ్డకు లాడ్కీ బహీణ్‌లో నెలకు 1,500 బదులు 500 మాత్రమే వస్తుంది, అన్నీ కలిపి నెలకు 1,500 దాటకూడదని నిబంధన. కాకను ఈ ప్రశ్న అడగండి: ఎకరం సాయం రావాలంటే చిన్నమ్మ ఖాతాలోని 1,500 పోయినా సరేనా? ఆయన జవాబు చెప్పే ముందు చిన్నమ్మ చెబుతుంది.

నేనైతే ఈ పథకానికి ఇట్లా ఒప్పుకుంటాను: ఎకరం లెక్కన, సీజను ముందు, ఐదెకరాల దాకా, పీఎం కిసాన్‌లో వద్దన్నవాళ్లు ఇక్కడా వద్దు, ఆ సీజను పాహణీలో పంట ఉన్న భూమికే. ఇట్లా చెబితే కాక చెప్పినదాంట్లో ఒప్పుకున్న భాగం ఏదో, బాపు భయంలో న్యాయం ఏదో రెండూ కనిపిస్తాయి.

రైతుబీమా దగ్గర మాత్రం నాకు పెద్దగా తర్కం లేదు. మొత్తం మూటలో దాదాపు ఉన్నది ఉన్నట్టు అడగదగ్గది ఇదొక్కటే.

2018 ఆగస్టు నుంచి తెలంగాణలో 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీకి ఎల్‌ఐసీ నుంచి 5 లక్షలు. గుండెపోటు, కామెర్లు, పాముకాటు, ఆత్మహత్య, ఏదైనా సరే. ప్రీమియం పూర్తిగా ప్రభుత్వానిదే, మొదటి ఏడాది ఒక్కో రైతుకు 2,271 రూపాయల 50 పైసలు. పది రోజుల్లో ఇవ్వాలని నియమం. మన దగ్గర ఉన్నది గోపీనాథ్ ముండే పేరు మీది శేత్కరీ అపఘాత పథకం, 2 లక్షలు. అపఘాత అంటేనే ప్రమాదం. రోగంతో పోతే లేదు, ఆత్మహత్యకు లేదు. ఆత్మహత్యకు విడిగా లక్ష రూపాయల సాయం ఉంది. అందులో 30 వేలు చేతికి, 70 వేలు బ్యాంకులో డిపాజిట్. అదీ ఆ రైతుకు బ్యాంకు అప్పు ఉందా, వసూలు ఒత్తిడి ఉందా అని విచారణ జరిగి 'పాత్ర' (అర్హత ఉంది) అని తేలితేనే.

తేడా ఎక్కడుందో దగ్గరగా చూడండి. పొలంలో నీళ్లు కట్టబోయి పాము కరిచి ఒక రైతు చనిపోయాడనుకోండి. అవతల వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) ఇంటికి వచ్చి మరణ ధ్రువపత్రం, ఆధార్, నామినీ బ్యాంకు పాస్‌బుక్ తీసుకుపోతాడు. ఇవతల అది ప్రమాదమేనని ఇంటివాళ్లే రుజువు చేయాలి. పోలీసు పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు, సాత్‌బారా, వయసు రుజువు, వారసుల కాగితం, అన్నీ కట్టి తాలూకా వ్యవసాయ అధికారి దగ్గర దరఖాస్తు. రాత్రి చనిపోయినవాణ్ణి పొద్దున్నే దహనం చేసేస్తే పోస్ట్‌మార్టం ఉండదు, వైద్యాధికారి ధ్రువపత్రమూ లేకపోతే కేసు అక్కడే పోతుంది. దరఖాస్తులు చచ్చేది ఇక్కడే. కాబట్టి పథకం మారేదాకా ఎవరికి పాము కరిచినా, బావిలో పడినా, కరెంటు కొట్టినా, ఏడుపు మధ్యలోనే ఒకరు పోలీసు స్టేషనుకు ఫోను చేయాలి.

మన పథకానిది ఒక మేలూ చెప్పాలి. అందులో వయసు 10 నుంచి 75 దాకా, రైతుతో పాటు ఇంట్లో ఇంకొకరికీ వర్తిస్తుంది. రైతుబీమాలో 59 దాటితే ఏమీ లేదు, భార్య చనిపోతే ఏమీ లేదు, భూమి ఆమె పేరు మీద ఉంటే తప్ప. అవతల వచ్చే పెద్ద చిక్కులు మూడు. ఆధార్‌లో పుట్టిన తేదీ. ఎక్కడ చూసినా జనవరి 1, ఏదో ఒక సంవత్సరం, అందాజాగా రాయించింది. అసలు 56 ఏళ్లవాడు కాగితంలో 61 అయితే బీమా లేనట్టే. రెండోది, నామినీగా రాసిన తల్లి ముందే చనిపోయినా పేరు మార్చకపోవడం. మూడోది, కొత్తగా భూమి పేరు మీదికి వచ్చినవాళ్లు ఆగస్టు గడువు లోపల పేరు ఎక్కించుకోకపోవడం. మన దగ్గర అడిగేటప్పుడు ఈ మూడూ ముందే సరిచేసి అడిగితే మేలు. కౌలుదారు, కూలీ ఇందులోనూ లేరు. ఆ లోటు ఒప్పుకొనే అడగాలి.

కరెంటు సంగతిలో కాక పాత మాట చెబుతున్నారు. ఉచితం అనేది మన దగ్గరికి వచ్చేసింది. 2024 ఏప్రిల్ నుంచి 7.5 హెచ్‌పీ దాకా వ్యవసాయ పంపులకు బిల్లు ప్రభుత్వమే మహావితరణ్‌కు (రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ) కడుతుంది, 2029 మార్చి దాకా అని ప్రకటించారు. రానిది పగటి కరెంటు. ఇక 24 గంటలు కావాలా అన్నది మోటారునే అడుగుదాం. 5 హెచ్‌పీ మోటారు గంటకు సుమారు 3.7 యూనిట్లు తింటుంది. 150 అడుగుల లోతు నుంచి తోడితే, పంపు పనితనం సగం అనుకున్నా గంటకు దాదాపు 15 వేల లీటర్లు. 8 గంటలకు లక్షా 20 వేలు. ఎకరం నిండా అంగుళం నీళ్లు నిలబెట్టాలంటే కావలసింది లక్ష లీటర్లు. అంటే వోల్టేజీ పడిపోకుండా పగలు 8 గంటలు వస్తే రోజుకు ఎకరం పైన తడుస్తుంది. ఆరేడు ఎకరాల పసుపుకో, రబీ శనగకో వంతులు వేసుకుంటే చాలు. 24 గంటలు ఇస్తే ఏమవుతుందో తెలంగాణలోనే చూశారు. స్టార్టరుకు ఆటో డబ్బా బిగించి పడుకుంటే, కరెంటు ఉన్నంతసేపూ మోటారు తోడుతూనే ఉంటుంది, బోరు ఎండుతుంది. ఆటో స్టార్టర్లు తీసేయండని అక్కడి ప్రభుత్వమే రైతుల్ని బతిమాలింది. కాబట్టి ఇక్కడ ఒప్పుకోలు ఇంతే: ఉచితం వచ్చింది, 24 గంటలు వద్దు, పగలు 8 గంటలు కావాలి. సౌర విద్యుత్తుతో నడిచే సౌర కృషి వాహినీ ఫీడర్లు దానికే వేస్తున్నారు. మీ ఫీడరు అందులో ఉందో లేదో సబ్‌స్టేషన్‌లో అడిగితే చెబుతారు. రాత్రి వంతు కరెంటుకు, పైన చెప్పిన పాముకాటుకు సంబంధం ఉందని వేరే చెప్పక్కర్లేదు.

పంటంతా ప్రభుత్వమే కొంటుందన్న మాట వరి ఊరిలో పుట్టింది, సోయా ఊరికి సరిపోదు. తెలంగాణలో ఐకేపీ కేంద్రాలు, సొసైటీలు ధాన్యం కొనగలిగాయంటే వెనకాల కేంద్రం ఆహార సంస్థ ఎఫ్‌సీఐ ఉంది కాబట్టి, ఆ బియ్యానికి రేషను దుకాణం ఉంది కాబట్టి. ఎఫ్‌సీఐ యాసంగి ఉప్పుడు బియ్యం వద్దనేసరికి 2022 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రే ఢిల్లీలో ధర్నాకు కూర్చోవలసి వచ్చింది. సోయాకు అట్లాంటి దారి లేదు. నూనెగింజలు కేంద్రం మద్దతు ధర పథకం కింద మామూలుగా రాష్ట్ర ఉత్పత్తిలో 25 శాతం దాకే కొంటుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 12 శాతం దాటితే వెనక్కి పంపుతారు. అక్టోబరు వానల్లో కోసిన సోయా 15, 18 ఉంటుంది. 2024 నవంబరులో ఆ సీజనుకు 15 దాకా సడలించారు. 2025-26కు మద్దతు ధర క్వింటాలుకు 5,328. ఆ ధర అందడానికి అడ్డు తేమ, బార్దానా (గోనె సంచులు) కొరత, కొనుగోలు కేంద్రం ఆలస్యంగా తెరవడం. అడగవలసింది: తాలూకాకు ఒకటికి రెండు కొనుగోలు కేంద్రాలు, అక్టోబరు మొదటి వారంలో తెరవడం, ఆరబెట్టే కళ్లం. 'పంటంతా' అన్న మాటను అక్కడే వదిలేయండి.

నీళ్ల విషయంలో ఎవరి ప్రసంగమూ నమ్మవద్దు, మన వైపు వాళ్లదైనా సరే. మీ పక్కనే బాభళీ బ్యారేజీ ఉంది, 2.74 టీఎంసీలు. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలి. మార్చి 1న 0.6 టీఎంసీ శ్రీరాంసాగర్‌కు వదలాలి. అంటే వరద వచ్చే నాలుగు నెలలూ నిలుపుకోవడానికి లేదు, అక్టోబరు 29 తర్వాత పారే నీటినే పట్టుకోవాలి. దీన్ని మార్చాలంటే రెండు రాష్ట్రాలూ ఒప్పందానికి రావాలి లేదా మళ్లీ కోర్టుకు పోవాలి. సభలో నీళ్లిస్తామన్న నాయకుణ్ణి 'అక్టోబరు 28 సంగతేంది?' అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. ప్రాజెక్టు నీటికి ఇంకో ముఖం చూడాలంటే గడ్చిరోలి జిల్లా సిరోంచ వైపు చూడండి, అక్కడా మన తెలుగువాళ్లే. మేడిగడ్డ వెనక నీళ్లు తమ పొలాల్లోకి వస్తున్నాయని వాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 2023 అక్టోబరు 21న ఆ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి కూడా. దళితబంధు 10 లక్షల గురించి ఒక్క వాక్యం: ఆలోచన పెద్దదే, కానీ లబ్ధిదారుణ్ణి ఎమ్మెల్యే చెప్పిన పేరుతో ఎంపిక చేసే పద్ధతిని ఏ రూపంలోనూ ఒప్పుకోవద్దు.

2018లో ధర్మాబాద్ తాలూకాలో సుమారు నలభై ఊళ్లు 'మమ్మల్ని తెలంగాణలో కలపండి' అన్నాయి. కాకకు ఇప్పటికీ ఆ మాట మీద మోజు ఉండొచ్చు. పథకం కోసం సరిహద్దు మార్చడం కుండ కోసం కుమ్మరి ఇల్లు కొనడం లాంటిది. రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం అది పార్లమెంటు పని. ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రానికొకటి ఉంటాయి, ఇక్కడి సర్టిఫికెట్ అక్కడ చెల్లకపోవచ్చు. ఆ గొడవ ఒకసారి మొదలైతే పిల్లల చదువుల దాకా పోతుంది. కానీ ఆ డిమాండు పుట్టడానికి కారణమైన తేడా నిజమే కాబట్టి, నోరు మూయించడానికి 'మీరు మరాఠీ ద్రోహులు' అన్నవాళ్ల మాటా తప్పే.

ఇక పని. మొదట ఆదివారం బండెక్కి బాసర, ముథోల్ వైపు పోయి మూడు ఇళ్లలో అడగండి: పదెకరాల పైన ఉన్న ఇల్లు ఒకటి, ఎకరం లోపు ఇల్లు ఒకటి, కౌలు చేసే ఇల్లు ఒకటి. 'పథకం బాగుందా' అని అడిగితే చుట్టరికంగా జవాబు వస్తుంది. 'పోయిన మూడు సీజన్లలో డబ్బు ఏ తారీకున పడింది, మెసేజ్ చూపిస్తారా' అని అడగండి. విత్తాక నెలకు పడి ఉంటే పైన నేను పొగిడిన మొదటి ముక్క ఆ ఏడాది పని చేయలేదన్నమాట. మన వైపు జీఆర్‌లు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మరాఠీలో దొరుకుతాయి. 'పాత్ర', 'అపాత్ర' అన్న మాటలు వెతకండి, తర్వాత 'లేఖాశీర్ష్' (బడ్జెట్ పద్దు). లేఖాశీర్ష్ లేని జీఆర్‌కు ఇంకా డబ్బు కేటాయించలేదని అనుమానించాలి.

తర్వాత గ్రామసభ. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, ఈ నాలుగు రోజులూ ఉంటుంది. కోరం ఊరి ఓటర్లలో 15 శాతం లేదా వంద మంది, ఏది తక్కువైతే అది. ఠరావ్ (తీర్మానం) ఒక్క విషయం మీదే పెట్టండి. ఆరు పథకాలూ కలిపి పెడితే, ఒకటి నచ్చనివాడు ఆరింటికీ అడ్డం పడతాడు. నాయకుడి పేరు, 'తెలంగాణ' అన్న మాట రెండూ ఉండకూడదు. ఉంటే గ్రామసేవక్ రాజకీయమని పక్కన పెడతాడు, బాపు కూడా చెయ్యెత్తరు. విషయం ఇట్లా ఉంటే చాలు, రాసేది మాత్రం మరాఠీలో:

"సాత్‌బారా మీద పేరున్న 18 నుంచి 75 ఏళ్ల రైతు ఏ కారణంతో మరణించినా, పోస్ట్‌మార్టం, పంచనామా అడగకుండా, మరణ ధ్రువపత్రం, ఆధార్, వారసుడి బ్యాంకు ఖాతా చూసి పది రోజుల్లో 5 లక్షల రూపాయలు చెల్లించే బీమా రాష్ట్ర ప్రభుత్వం పెట్టాలని, అప్పటిదాకా అపఘాత పథకంలో పాముకాటుకు వైద్యాధికారి ఇచ్చిన ధ్రువపత్రాన్నే రుజువుగా తీసుకోవాలని ఈ సభ కోరుతున్నది."

రెండో సగం ముఖ్యం. మొదటిది ముంబైలో తేలాలి, ఏళ్లు పట్టొచ్చు. రెండోది తాలూకా, జిల్లా స్థాయిలో అప్పుడే అడగగలిగేది. ప్రతిపాదించడానికి కాకను నిలబెట్టండి, బలపరచడానికి బాపును అడగండి. ఠరావ్ పుస్తకంలో సంఖ్య పడ్డాక సంతకంతో నకలు తీసుకొని, ఒకటి గటవికాస్ అధికారికి (బీడీవో), ఒకటి తాలూకా వ్యవసాయ అధికారికి, ఒకటి ఎమ్మెల్యేకు ఇవ్వండి. మూడు చోట్లా ముద్ర కొట్టిన పోచ్ (రసీదు) తీసుకోండి. తేదీ కనబడేలా ఫొటో తీసి పెట్టుకుంటే వచ్చే గ్రామసభలో 'ఏమైంది' అని అడగడానికి పనికొస్తుంది.